పేదల బస్తీల్లో వికలాంగులకు ఆసరా: 'సముదాయం' అన్న భావన చారిత్రక పరిణామం

వ్యాస సంగ్రహం

నగరాల పేదవాడల్లో జీవించే వికలాంగులకు లభించిన ఆసరా గత ఎనిమిది దశాబ్దాల్లో పలు రూపాలు ధరించింది. యాచకుల చట్టం, కుష్ఠు కాలనీ, పునరావాస సంస్థ, బస్తీ కమిటీ, స్వయం సహాయక సంఘం, పింఛను - ఇవి ఆ రూపాల్లో ముఖ్యమైనవి. హైదరాబాదు, విజయవాడ వంటి తెలుగు నగరాల అనుభవాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం ఆ పరిణామక్రమాన్ని పరిశీలిస్తుంది. 'సముదాయ ఆధారిత పునరావాసం' అన్న మాట వాడుకలోకి వచ్చిన తరువాత కూడా ఆ సముదాయం పేరిట భారం మోసినవారు ప్రధానంగా ఇంటి స్త్రీలే. వికలాంగులు స్వయంగా సంఘంగా ఏర్పడినప్పుడే ఆసరా దయ నుంచి హక్కుగా మారింది. ఆ మార్పులో కూడా సంరక్షకుల శ్రమ లెక్కకు రాలేదు. ఈ మూడు అంశాలను నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వికలాంగులు, బస్తీ, సముదాయం, పునరావాసం, స్వయం సహాయక సంఘం, పింఛను, సంరక్షణ.

1. ఉపోద్ఘాతం

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో వికలాంగుల సంఖ్య 2.68 కోట్లు. వీరిలో సుమారు 82 లక్షల మంది పట్టణవాసులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన వికలాంగులు 22.66 లక్షలు. ఈ సంఖ్యలు చెప్పని విషయం ఒకటి ఉంది. పట్టణంలో వైకల్యం పేదరికంతో కలిసినప్పుడు ఏర్పడే స్థితి పల్లెలోని స్థితికి భిన్నమైనది. పల్లెలో బంధువర్గం, కులం, తరతరాల పరిచయం ఏదో ఒక మేర అండగా నిలుస్తాయి. అవమానం అక్కడా ఉంటుంది గాని అపరిచితత్వం ఉండదు. నగరంలోని పేదవాడ వలస వచ్చినవారి నివాసం. కిరాయి ఇల్లు, రోజుకూలీ, ఇరుకుగల్లీ, ఉమ్మడి నల్లా, ఉమ్మడి మరుగుదొడ్డి అక్కడి జీవన పరిస్థితులు. చక్రాల కుర్చీ తిరగని గల్లీలో, బిందె మోయలేని మనిషికి నీళ్లు ఎవరు పట్టి ఇస్తారన్నది రోజూ ఎదురయ్యే ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానంగా ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు, అంతర్జాతీయ సంస్థలు తరచు వాడిన మాట 'సముదాయం'. సముదాయం చూసుకుంటుంది, సముదాయం పాల్గొంటుంది, సముదాయం బాధ్యత వహిస్తుంది అన్న వాక్యాలు విధానపత్రాల్లో విరివిగా కన్పిస్తాయి. వాటిలోని సముదాయం ఎవరు? ఆ పదపు అర్థం కాలానుగుణంగా ఎట్లా మారింది? ఈ ప్రశ్నల వెలుగులో తెలుగు నగరాల చరిత్రను చదవడం అవసరం.

2. పదజాలం - దృష్టి

ఒక సమాజం వైకల్యాన్ని చూసే తీరుకు ఆ సమాజపు భాష తొలి సాక్ష్యం. తెలుగులో గుడ్డి, కుంటి, చెవిటి, మూగ, అవిటి అన్న దేశ్యపదాలు శరీరస్థితిని సూచిస్తూనే మనిషి పేరుకు బదులుగా నిలిచాయి. బస్తీల్లో నేటికీ ఒక వ్యక్తిని అతని వైకల్యంతో కలిపి పిలవడం అరుదు కాదు. 'చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు', 'గుడ్డెద్దు చేలో పడ్డట్టు', 'గుడ్డికన్నా మెల్ల నయం' వంటి సామెతలు వైకల్యాన్ని అజ్ఞానానికో నిష్ప్రయోజనానికో ఉపమానంగా వాడుకున్నాయి. వీటిలో వికలాంగుడు మాట్లాడడు, ఇతరుల మాటకు దృష్టాంతంగా మాత్రమే ఉంటాడు.

ఇందుకు భిన్నమైన ఒక భావన కూడా సంప్రదాయంలో ఉంది. సంస్కృత శాస్త్రగ్రంథాల ద్వారా తెలుగు పండితలోకానికి పరిచితమైన 'పంగ్వంధ న్యాయం' అటువంటిది. చూపున్న కుంటివాడు దారి చెబుతుండగా నడకగల గుడ్డివాడు అతన్ని మోస్తూ ఇద్దరూ గమ్యం చేరుతారు. సాంఖ్యులు దీన్ని ప్రకృతి పురుషుల సంబంధాన్ని వివరించేందుకు ఉపయోగించారు. పిల్లల కథగానూ ఇది ప్రచారంలో ఉంది. ఇందులో మూడో మనిషి దయకు చోటు లేదు. ఇద్దరు వికలాంగులు పరస్పరం ఆధారమై నిలవడం ఈ న్యాయపు సారం. తరువాతి కాలంలో ఏర్పడిన సంఘాల స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి ఈ భావన ఉపకరిస్తుంది.

ఆధునిక పరిపాలనాభాష 'వికలాంగులు' అన్న సంస్కృత సమాసాన్ని స్థిరపరిచింది. 2015 చివర ప్రధానమంత్రి సూచనతో 'దివ్యాంగులు' అన్న పదం అధికారిక వాడుకలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో సంబంధిత శాఖ పేరులో 'విభిన్న ప్రతిభావంతులు' అన్న ప్రయోగం నిలిచింది. ఉద్యమసంఘాలు మాత్రం తమ పేర్లలో 'వికలాంగుల' అన్న మాటనే ఎక్కువగా కొనసాగించాయి. దైవత్వాన్ని ఆపాదించే పేరు కన్నా హక్కుకు ఆధారమైన పేరు తమకు ముఖ్యమన్న దృష్టి ఇందులో కన్పిస్తుంది. ఈ వ్యాసంలోనూ ఆ పదమే వాడబడింది.

3. యాచకుడుగా చూసిన చట్టం

నగరంలోని పేద వికలాంగుణ్ణి ఆధునిక రాజ్యం మొదట గుర్తించింది వీధిలో. మద్రాసు రాష్ట్రంలో 1945లో యాచక నిరోధక చట్టం వచ్చింది. నాటి ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రంలో భాగమే. 1959 నాటి బొంబాయి చట్టం యాచనను నిర్వచిస్తూ, భిక్ష కోసం పుండును, గాయాన్ని, అంగవైకల్యాన్ని ప్రదర్శించడాన్ని కూడా ఆ నిర్వచనంలో చేర్చింది. ఆంధ్రప్రదేశ్ 1977లో తన సొంత యాచక నిరోధక చట్టాన్ని చేసింది. ఈ చట్టాల దృష్టిలో నగరవీధి శుభ్రంగా కనిపించడం ప్రధానం. వికలాంగుడు ఆ వీధి నుంచి తొలగించి ఎక్కడో ఉంచవలసిన వ్యక్తి. బొంబాయి చట్టాన్ని ఢిల్లీకి వర్తింపజేసిన ప్రధాన నిబంధనలను ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం 2018లో కొట్టివేసేవరకు ఈ ఆలోచన పెద్దగా ప్రశ్నకు గురికాలేదు.

కుష్ఠురోగుల విషయంలో ఈ తొలగింపు మరింత కఠినమైనది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం నిరుపేద కుష్ఠురోగులను పట్టుకొని ఆశ్రమాలకు తరలించే అధికారాన్ని ఇచ్చింది. ఆ చట్టాన్ని పార్లమెంటు 2016లో గాని రద్దు చేయలేదు. చట్టం పేదలకే వర్తించిందన్నది గమనించదగిన విషయం. స్తోమత గల రోగి ఇంట్లో ఉండవచ్చు, భిక్షాటన చేసే రోగి ఉండరాదు.

ఇందుకు ప్రతిగా సేవాసంస్థలు వెలిశాయి. నిజామాబాదు సమీపంలోని డిచ్‌పల్లిలో 1915లో ఇసాబెల్ కెర్ దంపతులు ప్రారంభించిన కుష్ఠు ఆసుపత్రి, హైదరాబాదు శివార్లలోని కూకట్‌పల్లిలో రాణి కుముదినీదేవి 1958లో నెలకొల్పిన శివానంద పునరావాస కేంద్రం వీటిలో ప్రసిద్ధమైనవి. కుముదినీదేవి 1962లో హైదరాబాదు నగర మేయరు కావడం, నగరపాలనకూ ఈ సేవకూ మధ్య ఏర్పడిన అరుదైన సంబంధాన్ని సూచిస్తుంది.

సంస్థల్లో చోటు దొరకనివారు, చికిత్స ముగిసినా సొంత ఊళ్లకు తిరిగిపోలేనివారు పట్టణాల అంచుల్లో, రైలుపట్టాల పక్కన, కొండవాలుల్లో తమంతట తాము గుడిసెలు వేసుకున్నారు. ఇవే కుష్ఠు కాలనీలు. బహుళౌషధ చికిత్స 1980ల్లో అందుబాటులోకి వచ్చి వ్యాధి నయమయ్యే స్థితి ఏర్పడినా ఈ కాలనీలు ఖాళీ కాలేదు. వెలివేత నుంచి పుట్టిన ఈ వాడల్లో వివాహాలు జరిగాయి, పిల్లలు పెరిగారు, పెద్దలు తగవులు తీర్చారు. చేతివేళ్లు కోల్పోయిన వ్యక్తికి పొరుగింటివారు అన్నం కలిపిపెట్టడం, కాలి పుండుకు కట్టు కట్టడం అక్కడ నిత్యకృత్యం. పట్టణ వికలాంగుల పరస్పర సహాయానికి తొలి రూపాన్ని ఇక్కడ చూడవచ్చు. ఏ పథకమూ దీన్ని ఏర్పాటు చేయలేదు, ఏ పథకమూ దీని నుంచి నేర్చుకోనూలేదు.

4. సంస్థ నుంచి బస్తీ దిశగా

స్వాతంత్ర్యానంతర దశాబ్దాల్లో వైకల్యం వైద్యసమస్యగా, సంస్థాగత విషయంగా పరిగణన పొందింది. తరువాత నిమ్స్‌గా రూపొందిన హైదరాబాదులోని నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి, 1984లో సికింద్రాబాదు బోయిన్‌పల్లిలో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఈ దృష్టికి ప్రతినిధులు. కృత్రిమ అవయవాల తయారీకి కాన్పూరులో 1972లో ప్రభుత్వసంస్థ ఏర్పడింది. ఉపకరణాల పంపిణీకి 1981లో కేంద్రపథకం వచ్చింది.

ఉపకరణం చేతికి రావడం ఒకటి, అది బస్తీలో పనికిరావడం మరొకటి. ఎదిగే పిల్లవాడి పోలియో కాలికి వేసిన కాలిపర్‌ను కాలు పెరిగినకొద్దీ మార్చాలి. అందుకు ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ తల్లి ఒకరోజు కూలీ వదులుకోవాలి. చేతితో తిప్పే మూడుచక్రాల బండి చెడిపోతే దాన్ని బాగుచేసేది బస్తీ మొదట్లోని సైకిలు దుకాణమే, ఎందుకంటే దాని గొలుసు, చక్రాలు సైకిలువే. రాంచంద్రశర్మ చేతిపని నైపుణ్యం, డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ వైద్యజ్ఞానం కలిసి 1960ల చివర రూపొందించిన జైపూరు పాదం చెప్పులు లేకుండా నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి, బాసింపట్టు వేయడానికి వీలిచ్చింది. పేదవారి జీవనభంగిమలను లెక్కలోకి తీసుకోవడమే దాని విజయ రహస్యం. ఆ సూత్రం ఉపకరణాలకు అన్వయించినంతగా సేవల నిర్మాణానికి అన్వయం కాలేదు.

ఇదే కాలంలో వేరొక దారిలో 'సముదాయం' నగరపాలనలోకి ప్రవేశించింది. 1958లో ఫోర్డ్ ఫౌండేషన్ సహకారంతో ఢిల్లీలో మొదలైన పట్టణ సముదాయాభివృద్ధి ప్రయోగం తరువాత ఇతర నగరాలకు విస్తరించింది. హైదరాబాదు నగరపాలక సంస్థలో ఈ ప్రాజెక్టు 1967లో ఆరంభమైంది. మహిళా మండలులు, బాలవాడీలు, కుట్టుశిక్షణ, బ్యాంకు రుణాలు, స్వయం సహాయక గృహనిర్మాణం దీని కార్యక్రమాలు. యునిసెఫ్, అనంతరం బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఇది దేశమంతటా పేరు పొందింది. విలియం కజిన్స్, కాథరిన్ గోయ్‌డర్ ఈ అనుభవంపై 1979లో గ్రంథమే వెలువరించారు.

ఈ ప్రాజెక్టు బస్తీని సమస్యల కుప్పగా కాక శక్తిగల సముదాయంగా చూసింది. ఇది చారిత్రకంగా పెద్ద మార్పు. అయితే ఆ సముదాయపు యూనిట్ కుటుంబం. ఇంటిపట్టా, రుణం, శిక్షణ కుటుంబం పేరిట ఆలోచించినవి. కుటుంబంలో మంచం పట్టిన మనిషి, మాట రాని బిడ్డ ఆ లెక్కలో విడిగా కన్పించే అవకాశం తక్కువ. కాని మహిళా మండలి, బాలవాడీ, బస్తీ కమిటీ అన్న మూడు ద్వారాలు తెరిచి ఉండడం వల్లనే తరువాతి కాలపు వైకల్య కార్యక్రమాలకు బస్తీలోకి దారి దొరికింది.

5. 'సముదాయ ఆధారిత పునరావాసం': సముదాయం ఎవరు?

1978లో ఆల్మా-ఆటా ప్రకటన ప్రాథమిక ఆరోగ్య సంరక్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యంగా నిలిపింది. పెద్ద ఆసుపత్రుల్లో కొద్దిమందికే అందే పునరావాసాన్ని ఇంటి ముంగిటికి తేవాలన్న ఆలోచన అందులో నుంచి పుట్టింది. ఐనార్ హెలాండర్, పద్మినీ మెండిస్, గున్నెల్ నెల్సన్ రూపొందించిన శిక్షణ గ్రంథం 1970ల చివరి నుంచి పలు దేశాల్లో ప్రయోగానికి వచ్చి, 1989లో సమగ్రరూపం ధరించింది. అందులో నాలుగు మార్గదర్శకాలు, ముప్పై శిక్షణ పుస్తికలు ఉన్నాయి. స్థానిక పర్యవేక్షకునికి, సముదాయ కమిటీకి, వికలాంగులకు, ఉపాధ్యాయులకు వేర్వేరుగా సూచనలు రచించారు. పుస్తికల్లోని అభ్యాసాలను రోజూ చేయించవలసిన వ్యక్తి మాత్రం కుటుంబంలోని శిక్షకుడు. ఆచరణలో ఆ శిక్షకుడు తల్లి, అక్క, నాయనమ్మ లేదా కోడలు.

1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం తరువాత భారతదేశంలో 1985లో జిల్లా పునరావాస కేంద్రాల పథకం ప్రయోగాత్మకంగా ఆరంభమైంది. ఎంపికైన కొద్ది ప్రదేశాల్లో విజయవాడ ఒకటి. ఆ విధంగా తెలుగుదేశం ఈ ఆలోచనకు తొలి ప్రయోగస్థలాల్లో ఒకటయింది. నిపుణులు కేంద్రంలో, కార్యకర్తలు క్షేత్రంలో, కుటుంబం ఇంటిలో ఉండే అంచెల నిర్మాణం ఈ తరహా కార్యక్రమాలకు మూలం.

ఈ నమూనా పల్లెను దృష్టిలో ఉంచుకొని తయారైనది. నగరపు పేదవాడలో అది మూడు ఇబ్బందులను ఎదుర్కొంది. మొదటిది కాలం. పల్లెలోనూ స్త్రీలకు పని ఎక్కువే గాని పని, ఇల్లు తరచు దగ్గరదగ్గరగా ఉంటాయి. బస్తీ తల్లి తెల్లవారకముందే నాలుగిళ్లలో పాచిపనికో, కట్టడం పనికో బయలుదేరుతుంది. కార్యకర్త వచ్చే వేళకు ఆమె ఇంట ఉండదు. ఆమె ఇంట ఉండే వేళకు కేంద్రం మూసి ఉంటుంది. రెండోది స్థలం. కిరాయి పెరిగినా, బస్తీ తొలగించినా కుటుంబం వేరొక వాడకు మారుతుంది, చేసిన అభ్యాసం మధ్యలో తెగిపోతుంది. మూడోది 'కమిటీ' స్వభావం. బస్తీ కమిటీలో మాట చెల్లేది సాధారణంగా పట్టా ఉన్నవారికి, రాజకీయ పరిచయం ఉన్నవారికి. వికలాంగుడున్న కిరాయి కుటుంబం అక్కడ చివరి వరుసలో ఉంటుంది.

దీని ఫలితంగా సముదాయపు బాధ్యత అన్న మాటకు తల్లి చాకిరీ అన్న అర్థం స్థిరపడింది. సంస్థ ఖర్చు తగ్గిన మేరకు ఇంటి స్త్రీ శ్రమ పెరిగింది, ఆ శ్రమకు ధర కట్టలేదు. వైకల్య రంగంలో పనిచేసిన భారతీయ పరిశోధకులు 1990ల నుంచే ఈ లోపాన్ని ఎత్తిచూపారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో, ప్రపంచ ఆరోగ్య సంస్థలు కలిసి 1994లో వెలువరించిన ఉమ్మడి పత్రాన్ని 2004లో సవరించి, పేదరిక నిర్మూలనను, వికలాంగుల సంఘాల పాత్రను అందులో ముందుకు తెచ్చాయి. 2010 నాటి మార్గదర్శకాలు ఆరోగ్యం, విద్య, జీవనోపాధి, సామాజికాంశం, సాధికారత అన్న అయిదు విభాగాలుగా కార్యక్రమాన్ని విస్తరించాయి. 'సముదాయం' అన్న పదంలో వికలాంగులు కర్తలుగా చేరడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

పాఠశాల విషయంలోనూ ఇదే కథ కొంత భేదంతో సాగింది. సర్వశిక్షా అభియాన్ కింద తెలుగు రాష్ట్రాల్లో నడిచిన భవిత కేంద్రాలు ప్రత్యేకావసరాలు గల పిల్లలకు బోధన, ఫిజియోథెరపీ అందించాయి. బడికి రాలేని పిల్లలకు ఇంటివద్దనే బోధించే ఏర్పాటు చేశాయి. బిడ్డను ఎత్తుకొని కేంద్రానికి తీసుకువచ్చేది మళ్లీ తల్లే. బిడ్డ పెరిగి బరువెక్కినకొద్దీ రాకపోకలు తగ్గడం సహజం. కేంద్రపు హాజరుపట్టికలో పిల్లవాడి పేరు పక్కన నమోదయ్యే గైర్హాజరు నిజానికి ఒక స్త్రీ నడుముకు, ఒకరోజు కూలీకి సంబంధించిన లెక్క.

6. అయిదుగురి సంఘం

వికలాంగులే ఒక సముదాయంగా ఏర్పడడం ఈ చరిత్రలో నిర్ణాయకమైన మలుపు. దీనికి నేపథ్యం తెలుగునాట విస్తరించిన స్వయం సహాయక సంఘాల ఉద్యమం. 2000 ప్రాంతంలో ఆరంభమైన వెలుగు పథకం, దాని కొనసాగింపైన ఇందిరా క్రాంతి పథం గ్రామీణ ప్రాంతాల్లో వికలాంగుల సంఘాలను, మండల సమాఖ్యలను నిర్మించాయి. పట్టణాల్లో 1997 నాటి స్వర్ణజయంతి షహరీ రోజ్‌గార్ యోజన లబ్ధిదారుల్లో వికలాంగులకు 3 శాతం కేటాయించింది. 2007లో ఏర్పడిన పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, అనగా మెప్మా, పట్టణ పేదల సంఘాల బాధ్యతను చేపట్టింది. 2013 నుంచి అమలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ సాధారణంగా స్త్రీల సంఘాలనే ప్రోత్సహించినా, వికలాంగుల విషయంలో పురుషుల సంఘాలకూ అవకాశమిచ్చింది. మామూలుగా పదిమంది కావలసిన చోట వికలాంగులకు అయిదుగురు చాలునన్న సడలింపు కూడా ఉంది.

ఈ అయిదుగురి లెక్క చిన్న పరిపాలనా వెసులుబాటుగా కన్పించవచ్చు. దాని వెనుక బస్తీ వాస్తవం ఉంది. పదిమంది వికలాంగులు ఒకే గల్లీలో ఉండరు, ఉన్నా ఒకచోట కూడడం కష్టం. అయిదుగురైతే ఒకరి ఇంటి అరుగు మీద కూర్చోవచ్చు. నడవగలిగినవాడు బ్యాంకుకు వెళ్తాడు. చదవగలిగినవాడు పుస్తకం రాస్తాడు. చూపులేని వ్యక్తి బాకీల లెక్క నోటికి చెబుతాడు. మాట్లాడగలిగిన తల్లి మాట రాని కొడుకు పక్షాన సభ్యురాలవుతుంది. పంగ్వంధ న్యాయంలోని పరస్పరాధారం ఇక్కడ పొదుపు, రుణం, అర్జీ రూపాల్లో అనుభవంలోకి వచ్చింది.

సంఘం చేసిన మరో పని ఉంది. ఇంట్లో ఉండిపోయిన వ్యక్తికి బయట ఒక స్థానం, ఒక బాధ్యత, హాజరు కావలసిన ఒక తేదీ ఏర్పడ్డాయి. సమావేశానికి రమ్మని పిలవడానికి వికలాంగుణ్ణి పేరుతో పిలవాలి. సంతకం లేదా వేలిముద్ర కావాలి. రెండో విభాగంలో ప్రస్తావించిన పిలుపుల చరిత్ర దృష్ట్యా ఇది స్వల్పమైన మార్పు కాదు.

పరిమితులూ ఉన్నాయి. తీవ్ర మానసిక వైకల్యం గలవారు, మంచం దిగలేనివారు ఈ సంఘాల్లో స్వయంగా సభ్యులు కావడం కష్టం. క్రమం తప్పక పొదుపు చేయగలిగినవారికే సంఘం అనుకూలం. రుణం తీర్చగల సామర్థ్యం సభ్యత్వానికి అప్రకటిత అర్హతగా మారినప్పుడు, అధికావసరాలు గల వ్యక్తి తిరిగి కుటుంబం చేతిలోనే మిగిలిపోతాడు.

7. లెక్క, ధ్రువపత్రం, పింఛను

సంఘం ఏర్పడాలన్నా, పింఛను రావాలన్నా ముందు వికలాంగుడుగా లెక్కకు ఎక్కాలి. 1981 జనాభా లెక్కలు మూడు రకాల వైకల్యాలనే అడిగి దేశంలో సుమారు 11 లక్షల మందిని నమోదు చేశాయి. 1991లో ఆ ప్రశ్నే లేదు. 2001లో అయిదు, 2011లో ఎనిమిది వర్గాలు వచ్చాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. నిర్వచనం విస్తరించినకొద్దీ సంఖ్య పెరగడం, అడిగేతీరును బట్టి మనుషులు కన్పించడం లేదా మరుగున పడడం ఇక్కడ స్పష్టమవుతుంది.

1995 చట్టం 40 శాతం వైకల్యాన్ని అర్హతగా నిర్ణయించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశపెట్టిన సదరం విధానం వైద్యశిబిరాల ద్వారా, కంప్యూటర్ ద్వారా ఈ శాతాన్ని నిర్ధారించే ఏర్పాటు చేసింది. బోగస్ ధ్రువపత్రాలను అరికట్టడం దాని లక్ష్యం. బస్తీ నివాసికి సదరం అంటే స్లాటు కోసం మీ సేవా కేంద్రం, నిర్ణీత తేదీన ఆసుపత్రి, ఆటో కిరాయి, తోడుగా ఒక మనిషి. ఆ తోడు ఎవరన్నదే సముదాయ ఆసరాకు అసలైన పరీక్ష. ఒక వీధిలో సదరం పత్రం పొందిన మొదటి వ్యక్తి మిగిలినవారికి దారి చూపడం, సంఘం ఆటో కుదిర్చి నలుగురిని కలిపి పంపడం వంటివి ఏ మార్గదర్శకంలోనూ రాయని సేవలు. వేళ్లు కోల్పోయిన కుష్ఠుబాధితుల వేలిముద్రలు యంత్రం గుర్తించనప్పుడు రేషను దుకాణం వద్ద వారి పక్షాన మాట్లాడేవారూ ఇటువంటివారే.

పింఛను తెలుగునాట వికలాంగుల ఉద్యమానికి కేంద్రాంశమైంది. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలోని వికలాంగుల హక్కుల పోరాట సమితి, వికలాంగుల హక్కుల జాతీయ వేదిక వంటి సంఘాలు దీన్ని దయగా కాక హక్కుగా ప్రజాక్షేత్రంలో నిలిపాయి. తెలంగాణలో 2014లో ఆసరా పథకం కింద వికలాంగుల పింఛను 1,500 రూపాయలు. 2019లో అది 3,016కు, 2023లో 4,016కు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు అయింది.

ఈ పెరుగుదలకు బస్తీ జీవితంలో ప్రత్యేకమైన అర్థముంది. నెల మొదట్లో చేతికి వచ్చే సొమ్ము వికలాంగుణ్ణి ఇంట్లో భారం నుంచి ఆదాయవనరుగా మార్చగలదు. కుటుంబంలో మర్యాద పెరిగే అవకాశం ఎంతో, ఆ సొమ్ము మీద ఇతరుల ఆధిపత్యం పెరిగే ప్రమాదమూ అంతే. అర్హత పునఃపరిశీలన జరిగిన ప్రతిసారీ కలిగే ఆందోళన, ఈ సొమ్ము చుట్టూ ఎంత జీవితం అల్లుకొని ఉందో తెలుపుతుంది. తీవ్ర వైకల్యానికి వేరుగా హెచ్చు మొత్తం నిర్ణయించడం, సంరక్షణకు ఖర్చు ఉంటుందని రాజ్యం పరోక్షంగా అంగీకరించడమే.

8. ఇల్లు, మెట్లు

బస్తీలను పక్కాగృహాలుగా మార్చే పథకాలు సముదాయపు ఆసరాను ఊహించని విధంగా దెబ్బతీశాయి. 2005లో ఆరంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కింద పేదలకు పలుచోట్ల లిఫ్టు లేని మూడు, నాలుగు అంతస్తుల సముదాయాలు వెలిశాయి. గుడిసె ఇరుకైనది గాని నేలమీద ఉండేది. గుమ్మంలో కూర్చున్న వికలాంగుడికి గల్లీ మొత్తం కన్పించేది, గల్లీకి అతడు కన్పించేవాడు. పై అంతస్తుకు చేరిన తరువాత అతనికి నీరు, మరుగుదొడ్డి ఇంట్లో లభించాయి, గల్లీ మాత్రం దూరమైంది. శివార్లకు తరలిన కుటుంబాలు పాత పొరుగును, పాత సైకిలు దుకాణాన్ని, తెలిసిన డాక్టరును కోల్పోయాయి.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం, వికలాంగులున్న కుటుంబాలకు నేల అంతస్తులో లేదా దిగువ అంతస్తుల్లో ఇళ్లు కేటాయించడానికి ప్రాధాన్యమివ్వాలని నిర్దేశించింది. గత అనుభవం నేర్పిన పాఠమిది. అయితే ఇల్లు కుటుంబానికి కేటాయించినంత తేలికగా పొరుగును కేటాయించడం సాధ్యం కాదు. పరస్పర సహాయం ఏళ్ల తరబడి ఒకచోట కలిసి బతికినప్పుడు ఏర్పడే సంపద. పునరావాస ప్రణాళికల్లో దాన్ని లెక్కించే పద్ధతి లేదు. ఇరుగుపొరుగును విడదీయకుండా ఒకే బ్లాకుకు తరలించడం, వికలాంగుల సంఘ సభ్యులకు దగ్గరదగ్గరగా నేల అంతస్తులు ఇవ్వడం వంటి చర్యలకు అదనపు ధనం కన్నా అదనపు శ్రద్ధ ఎక్కువ అవసరం.

9. ముగింపు

పట్టణ పేదవాడల్లో వికలాంగుల ఆసరా చరిత్రను సమీక్షించినప్పుడు 'సముదాయం' అన్న పదం నాలుగు దశల్లో నాలుగు అర్థాలు పొందినట్లు తేలుతుంది. యాచక, కుష్ఠు చట్టాల కాలంలో సముదాయమంటే వికలాంగుణ్ణి వెలుపల ఉంచి తాను శుభ్రంగా ఉండగోరిన నగరం. 1967 తరువాతి పట్టణాభివృద్ధిలో అది కుటుంబాల కలయికగా ఉన్న బస్తీ. 1980ల పునరావాస కార్యక్రమాల్లో అది ఆచరణలో ఇంటి స్త్రీ. 2000 తరువాత అది వికలాంగుల సంఘం. చివరి అర్థమే హక్కుల భాషకు పునాది వేసింది. కుష్ఠు కాలనీలు ఆ అర్థాన్ని చాలాముందే జీవించి చూపాయన్నది విస్మరించరాదు.

మూడో అర్థం ఇంకా గతించలేదు. 2016 చట్టం అధికసహాయం అవసరమైన వికలాంగులను ప్రత్యేకంగా గుర్తించింది. వారికి సంరక్షక భత్యం కల్పించే అంశాన్ని సామాజిక భద్రత నిబంధనల్లో చేర్చింది. పేదరిక నిర్మూలన పథకాల్లో వికలాంగుల వాటాను 3 నుంచి 5 శాతానికి పెంచింది. పింఛను వికలాంగుని పేర రావడం న్యాయమే. అతన్ని లేపి, కడిగి, తినిపించి, ఆసుపత్రికి మోసే మనిషి కోల్పోయే కూలీకి మాత్రం ఇప్పటికీ ఏ లెక్కలోనూ పద్దు లేదు. ఆ మనిషి వృద్ధురాలైన తల్లి అయినప్పుడు, ఆమె తరువాత ఎవరన్న ప్రశ్న ప్రతి బస్తీలోనూ ఉంది.

దీనికి సమాధానం పాతరకపు ఆశ్రమంలో దొరకదని గత శతాబ్ది నేర్పింది. కేవలం కుటుంబం మీద వదిలివేయడంలోనూ దొరకదని గత నలభై ఏళ్లు నేర్పాయి. అయిదుగురి సంఘాల్లో అధికావసరాలు గలవారికీ వారి సంరక్షకులకూ స్థానం కల్పించడం, సంరక్షణను కూలీ గల పనిగా గుర్తించడం, తరలింపుల్లో పొరుగును కాపాడడం - ఈ మూడూ కలిసినప్పుడే సముదాయం అన్న మాట విధానపత్రంలోని అలంకారంగా మిగిలిపోకుండా, ఉమ్మడి నల్లా దగ్గర బిందె నింపి ఇచ్చే చేతికి పేరుగా నిలుస్తుంది.